పేరు కొట్టించిన కంచం

ఆ ఇంట్లో అన్నం తినే కంచాలు రెండే. ఒకటి సూర్యానిది, స్టీలుది. అంచు మీద అతని పేరు చుక్కలు చుక్కలుగా కొట్టి ఉంటుంది. రెండోది అతని తల్లి నూకాలమ్మది, సత్తుది. సొట్టలు పడి, నేల మీద పెడితే ఒక పక్కకి ఒరిగిపోతుంది. కాంతానికి కంచం లేదు. లేదన్న సంగతి ఆ ఇంట్లో ఎవరికీ తోచలేదు. కాపరానికొచ్చిన చాన్నాళ్ళ వరకు కాంతానికీ తోచలేదు. మొగుడు తిని లేచాక పెళ్ళాం ఆ కంచంలోనే తింటుంది. శ్రీకాకుళం పక్కన నూకాలమ్మ పుట్టిన ఊళ్ళో అంతే, పనుల కోసం వలసొచ్చిన జనంతో నిండిన జంషెడ్‌పూర్ పేట సీతారాండేరాలోనూ అంతే. జంషెడ్‌పూర్‌లోనే పుట్టి, హిందీ బళ్ళో చదివి, ఇంటరు పాసైన కాంతం కూడా తన తల్లి అలా తినడమే చూసింది.

పెళ్ళైన మొదటి పూట సూర్యం తిని లేచాక కాంతం ఎంగిలి కంచం తియ్యబోతే నూకాలమ్మ చెయ్యి పట్టుకుంది. "తియ్యకే గుంటా. అందులోనే ఇంత ఎట్టుకుని తిను. మొగుడు తిన్న కంచం కడిగీసి తింతే ఆడికి ఆయుస్సు తగ్గిపోద్ది" అంది.

అందులో ప్రేమ లేదనడానికి లేదు. చేపల కూర వండిన రోజున సూర్యం నడుం ముక్క తినకుండా కంచం అంచున ఉంచి లేచేవాడు. అతని స్నేహితుడు పోలరాజు ఎదట ఉంటే, "అది వదినకేటి? మా యింట్లో అయితే ముల్లు కూడా మిగల్నివ్వన్రా నాను" అని వేళాకోళం చేసేవాడు. కాంతం తలుపు వెనకాల సిగ్గుపడేది. ఆ ముక్క చల్లారిపోయి ఉండేది, దాని మీద అతని వేలి గుర్తు ఉండేది. అయినా తనని తలుచుకున్నాడన్న సంతోషం ఉండేది. ఆ సంతోషం అబద్ధం కాదు. కాకపోతే ఆ కంచానికి ఇంకో వాడుక కూడా ఉంది.

సూర్యం కోపం వస్తే అరవడు. చెయ్యెత్తడు. చుట్టుపక్కల ఆడవాళ్ళు అందుకే కాంతాన్ని అదృష్టవంతురాలనేవారు. అతనికి కోపమొస్తే అన్నం తినేసి చెంబెత్తి, కంచంలోనే చెయ్యి కడిగేవాడు. మెతుకులూ, కూర తాలూకు పసుపూ, నీళ్ళూ కలిసి కంచంలో తేలేవి. అంతే. ఒక్క మాట ఉండదు. ఇవాళ నీకు నా కంచంలో చోటు లేదని ఆ నీళ్ళే చెప్పేవి. ఆ పూట కాంతం అన్నం గిన్నె మూతలో ఇంత పెట్టుకుని, వంటింటి గోడ వైపు తిరిగి తినేది. ఒక్కోసారి తినేది కాదు. అతను పనిచేసే గమ్హరియా కార్ఖానా నుంచి యూనియన్ వాళ్ళు వచ్చినప్పుడు టీ ఆలస్యమైందని ఒకసారి కడిగాడు. పులుసులో ఉప్పెక్కువైందని ఒకసారి కడిగాడు. పెళ్ళితో ఆగిపోయిన చదువు ప్రైవేటుగా కట్టి బీయే రాస్తానని ఆమె అడిగిన రోజున, వేలి సందులు కూడా తీరిగ్గా కడిగాడు. ఆమె మళ్ళీ అడగలేదు.

ఎండలు తగ్గి మొదటి వానలు పడే రోజుల్లో దేశంలో ఎమర్జెన్సీ అన్నారు. అంతకు ముందు ఏడాది నుంచే సాక్చీ బజారులో ప్రభుత్వం మీద జులూసులు, ఊరేగింపులు సాగుతున్నాయి. సంపూర్ణ్ క్రాంతి, అంటే పూర్తి విప్లవం, రావాలని సూర్యం గొంతు బొంగురుపోయేలా అరిచి వచ్చేవాడు. ముందు గదిలో మగవాళ్ళు కూర్చుని రాజ్యం ఎలా మారాలో మాట్లాడుకుంటుంటే, కాంతం వంటింట్లో గ్లాసులు లెక్క చూసుకుంటూ వినేది. అన్నీ మారిపోతాయని వాళ్ళు అంటుంటే ఆమెకి గుండె కొట్టుకునేది. ఆ అన్నిటిలో తన వంటిల్లు లేదని మాత్రం అప్పటికి తెలీదు.

మధ్యాహ్నం బీ షిఫ్టుకి వెళ్ళేముందు సూర్యం అన్నం తింటున్నాడు. పోలీసులు గుమ్మంలో నిలబడి మర్యాదగానే పిలిచారు. అతను సగం తిన్న కంచం ముందు నుంచి లేచి, "వచ్చేత్తానే" అన్నాడు. రాలేదు. హజారీబాగు జైలుకి పంపేశారని మర్నాడు తెలిసింది.

ఆ సగం అన్నం కంచాన్ని నూకాలమ్మ సాయంత్రం దాకా కదలనివ్వలేదు. దాని మీద బుట్ట బోర్లించి పక్కనే కూర్చుంది. పొద్దుగూకాక, "తినీ. ఆడు తిన్నదే గదా" అంది. కాంతం ఎండిపోయిన మెతుకులు ఏడుస్తూ తింది. మర్నాడు అసలు చిక్కు వచ్చింది. ముందు తినవలసిన మనిషి లేడు. మరి కాంతం దేంట్లో తినాలి? నూకాలమ్మ కాసేపు ఆలోచించి, సూర్యం కంచం తెచ్చి, ఒక్క ముద్ద అన్నం అందులో పెట్టింది. కాసేపు ఊరుకుంది, ఎవరో తింటున్నట్టు. తర్వాత ఆ ముద్ద పక్కన కాంతానికి వడ్డించి, "ఇప్పుడు తిను" అంది.

అలా రోజూ సాగింది. కార్ఖానా వాళ్ళు సూర్యం పేరు తీసేశారు. కాంతం వీధి చివర చిన్నపిల్లల బళ్ళో పంతులమ్మగా కుదిరింది. అక్కడ హెడ్మాస్టరు సీతారామరావు మంచివాడే. మీటింగు పెట్టినప్పుడల్లా, "కాంతమ్మగారూ, మీ చేతి టీ తాగితేగానీ బుర్ర పన్చెయ్యదండి" అని నవ్వేవాడు. మిగతా మేష్టర్లు కాళ్ళు చాపుకుని పాఠాల సంగతి మాట్లాడుకునేవారు. ఆమె స్టవ్వు పంపు కొడుతూ వినేది. ఇంట్లోనూ గుమ్మం అవతలి నుంచి వినడమే, బళ్ళోనూ అంతే. ఇంటికొచ్చి మళ్ళీ వంట. అయితే ఒక్క తేడా వచ్చింది. అత్తా కోడలూ ఒకేసారి తినడం మొదలెట్టారు. ముందు తినే మనిషి లేనప్పుడు ఎవరి కోసం ఆగాలి? ఒకనాడు నూకాలమ్మ పొయ్యి మీద నుంచి దించిన అన్నం నోట్లో పెట్టుకుని, నాలుక కాలి, ఉఫ్ ఉఫ్ అని ఊదుకుని, "వేడన్నం ఇలగుంతాదన్నమాట" అంది. ఆమె జీవితమంతా వేడన్నం వండింది.

పక్కింట్లో విమలకుమారి ఉండేది. కాకినాడ వైపు క్రిస్టియన్ల మనిషి. ఆడపిల్లల కాలేజీలో సమాజశాస్త్రం చెబుతుంది. పెళ్ళి చేసుకోలేదు. మునుపు సూర్యం ఆవిడ గుమ్మం దాటుతుంటే ముఖం తిప్పుకునేవాడు గనుక కాంతం కూడా పలకరించేది కాదు. ఇప్పుడు పలకరించింది. "బీయే కట్టు. నేను చెబుతాను. రాంచీ యూనివర్సిటీ వాళ్ళు ప్రైవేటుగా రాయనిస్తారు" అని విమలకుమారే పట్టుబట్టింది. ఆదివారం చర్చి నుంచి వచ్చాక మధ్యాహ్నం వచ్చి కూర్చునేది. కాంతం పుస్తకం ముందు, నూకాలమ్మ చేట ముందు. నూకాలమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతూ అన్నీ వినేది.

"రాజకీయ విప్లవానికీ సమాజశాస్త్రానికీ సంబంధం ఏమిటి అని తప్పకుండా అడుగుతారు కాంతం. ఫ్రాన్సు దేశం నుంచి మొదలుపెట్టు. అక్కడ రాజుని దించి తల తీసేశారు" అంది విమలకుమారి ఒక ఆదివారం.

"ఓలమ్మో! ఎవులు?" అంది నూకాలమ్మ.

"జనమే పిన్నిగారూ. రొట్టె దొరక్క రోడ్డెక్కిన ఆడవాళ్ళు కూడా ఉన్నారు ఆ జనంలో."

"తీసీసి?"

"అక్కడే అసలు కథ. అంతవరకు ఎవరు పైన కూర్చోవాలో, ఎవరు ఎవరికి వంగాలో అంతా దేవుడు పెట్టిందే అనుకున్నారు. ఒక్క రాజుని లాగేసరికి దాంతో పాటు అన్నీ ఊడొచ్చాయి. ఓహో, ఇవన్నీ మనుషులు కట్టుకున్నవేనా అని తెలిసొచ్చింది. మనుషులు కట్టినవే అయితే ఇన్నాళ్ళూ ఎలా నిలబడ్డాయి? కూలాక జనం ఒకరితో ఒకరు దేన్ని పట్టుకుని బతకాలి? ఇలాంటివి అడగ్గా అడగ్గా ఈ శాస్త్రం వచ్చింది. ఆ గొడవల్లో పుట్టి పెరిగినాయన ఒకడు దానికి పేరు పెట్టాడు. అప్పుడే ఫ్యాక్టరీలు కూడా లేచాయనుకో, పల్లెలు ఖాళీ అయ్యాయి, అదీ ఒక కారణమే. మన జంషెడ్‌పూర్ లాగే."

నూకాలమ్మకి ఫ్యాక్టరీలతో పని లేదు. "మరి రాజు నేనప్పుడు ఆ జనం ఎవులికి మొక్కినారు?"

"నానా అవస్థా పడ్డారు. మధ్యలో ఒక సేనాపతి ఏలాడు. చివరికి చచ్చిపోయిన రాజు తమ్ముణ్ణే తెచ్చి గద్దె మీద కూర్చోబెట్టారు."

"అదీ! నాను సెప్పనేదేటి? మగదిక్కు ఉండాల" అని నూకాలమ్మ చేట ఎగరేసింది. ఆ దేశం సంగతి తనకి ముందే తెలుసన్నట్టు.

"తెచ్చారు గానీ కుదరలేదు పిన్నిగారూ. ఆ గద్దె ఖాళీగా ఉండగా అందరూ చూసేశారు కదా. కానీ ఒకటి చెప్పాలి. అప్పుడు పాతదే మేలు, పాతదే మళ్ళీ తేవాలని గట్టిగా అన్నవాళ్ళున్నారే, వాళ్ళే మొట్టమొదట కూర్చుని ఆలోచించారు. ఇల్లు ఎందుకు నిలబడుతుంది, ఆచారం ఎందుకు నిలబడుతుంది అని. పోయింది కాబట్టి దాని విలువా బరువూ తూచి చూశారు. వాళ్ళ ప్రశ్నలు కూడా ఈ శాస్త్రంలో కలిశాయి."

నూకాలమ్మ రాళ్ళు ఏరడం ఆపింది.

తర్వాత కొన్నాళ్ళకి ఒక పొరపాటు జరిగింది. ఆ పూట కాంతానికి బడి నుంచి రావడం ఆలస్యమైంది. ఇద్దరూ ఆకలి మీద ఉన్నారు. సగం తిన్నాక నూకాలమ్మ చెయ్యి నోటి దగ్గర ఆగిపోయింది. "ఒలే. ముద్ద ఎయ్యడం మర్సిపోనాను."

ఇద్దరూ సూర్యం కంచం కేసి చూశారు. అందులో కాంతం తింటున్న అన్నం ఉంది, అంతే. నూకాలమ్మ ముఖం పాలిపోయింది. లేచి దేవుడి పటం ముందు నిలబడి లెంపలేసుకుంది. ఆ వారమంతా వీధిలో ఎవరి అడుగు చప్పుడైనా ఉలిక్కిపడింది. చివరికి పోలరాజు వచ్చాడు. అతన్నీ పట్టుకెళ్ళారు గానీ ముందుగా వదిలారు.

"సూర్యం ఎలగున్నాడ్రా బావూ?" అని నూకాలమ్మ గుమ్మంలోనే అతని చొక్కా పట్టుకుంది.

"ఆడికేటి పెద్దమ్మా, ఒళ్ళు సేసినాడు! కంచం పట్టుకుని లైన్లో నిలబడతాడు, తింతాడు, ఆడి కంచం ఆడే తోముకుంతాడు. మా అందర్లోకీ ఆడి కంచమే తళతళలాడిపోద్ది. జమాదారు మెచ్చుకున్నాడు కూడాను."

పోలరాజు వెళ్ళాక నూకాలమ్మ గోడకి చేరబడి నవ్వడం మొదలుపెట్టింది. కళ్ళమ్మట నీళ్ళొచ్చేలా నవ్వింది. "మనం ఇక్కడ ముద్ద మర్సిపోనామని నాను సస్తంటే ఆడు అక్కడ ఒళ్ళు సేసినాడటే!" నవ్వు ఆగాక కొంగుతో కళ్ళు తుడుచుకుంది. తర్వాత మెల్లగా అంది, "అయితే ఇన్నాళ్ళూ నాను ముద్ద ఎవులికి పెట్టినాను? ఆడు నేడు. తిన్నోడు నేడు. మొక్కు ఆడికా, కంచానికా?"

కాంతం ఆ మాట మర్నాడు విమలకుమారికి చెప్పింది. విమలకుమారి చేతిలో పుస్తకం మూసి, "పరీక్షలో ఆ ప్రశ్న వస్తే ఇది గుర్తుంచుకో" అంది.

ముద్ద వెయ్యడం మానేశారు. ఎవరూ నిర్ణయించలేదు, మానేశారంతే. కాంతం సూర్యం కంచంలోనే తినేది, వేరేది లేదు గనుక. ఒకనాడు ఆమె కంచం తోముతుంటే నూకాలమ్మ వెనక నుంచి చూసి, "ఇన్నాళ్ళ నుంచీ నువ్వు ఆడి పేరే తోముతన్నావు" అని ఒక మాట పడేసి లోపలికి పోయింది. ఆవిడకి చదువు రాదు. కానీ ఆ చుక్కలు కొడుకు పేరని తెలుసు.

రెండో ఏటి చలి వెనకబట్టాక ఎన్నికలన్నారు. జైళ్ళు తెరిచారు. పూలదండలతో, మనుషులతో సూర్యం ఇంటికొచ్చాడు. జుట్టు నెరిసింది. కాంతాన్ని చూసి కళ్ళు తడి చేసుకున్నాడు. ఆమె కూడా ఏడ్చింది. ఆ ఏడుపులో అబద్ధం లేదు. నూకాలమ్మ చేపలు తెప్పించింది. సూర్యం తిని, నడుం ముక్క కంచం అంచున ఉంచి, కంచం కాంతం వైపు తోసి, "ఊఁ, తిను" అన్నాడు నవ్వుతూ. ఎంతకాలంగానో ఆ మాట కోసమే ఎదురుచూసిన వాడిలా.

ఆమె తింది. ముక్క చల్లారిపోయి ఉంది. మునుపట్లా రుచించలేదు. అతను మంచివాడు, జైలుకెళ్ళి వచ్చాడు, ప్రేమగానే ఉంచాడు. మరి తనకేమైంది? వేడన్నం రుచి తెలిసిన నోరు చల్లన్నాన్ని చల్లనిదిగా గుర్తుపట్టింది, అంతే కదా. ఇంతకాలం చల్లన్నం అన్నంలాగే ఉండేది. చెడ్డదని ఎవరూ చెప్పలేదు. చెప్పినా నమ్మేది కాదు. రాజు ఉన్నన్నాళ్ళూ జనానికి తాము వంగుతున్నట్టు తెలీదని విమలక్క అన్న మాట ఆమెకి అప్పుడు పుస్తకంలో మాటలా కాక, తన నాలుక మీద మాటలా తోచింది. పక్కన నూకాలమ్మ తన సత్తు కంచంలో అన్నం పెట్టుకోలేదు. కొడుకు లేచి వెళ్ళాక తిందామని మళ్ళీ మునుపట్లా ఆగింది. ఆగినదల్లా, కోడలి వంక ఒక చూపు చూసి తల దించుకుంది.

మర్నాడు సూర్యం అలమారులో పుస్తకాలు చూశాడు. "ఇవేటే?"

"బీయే రాస్తన్నాను. రెండు పేపర్లు అయ్యాయి. ఇంకా రెండున్నాయి."

అతను నొచ్చుకోలేదు. ముచ్చటపడ్డాడు కూడా. "బలేదానివే! నాను నేనప్పుడు కాలక్షేపం దొరికిందన్నమాట." తర్వాత అన్నాడు, "గురువారం మనోళ్ళందరినీ భోజనానికి పిల్సినాను. జైల్లో ఉన్నోళ్ళు, యూనియనోళ్ళు. నీ సేతి వంట గురించి అక్కడ అందరికీ సెప్పినాను. నా పరువు నిలబెట్టాల."

"గురువారం నాకు సమాజశాస్త్రం పేపరుంది."

"వచ్చే యేడు రాసుకో. పేపరెక్కడికి పోద్ది? ఇన్నాళ్ళూ ఏదో కష్టకాలం, బడికెళ్ళినావు, కాదన్ను. ఇంక నానొచ్చీసినాను గదా. మునుపెలగుండేదో అలగుంతే సాలు నాకు."

వచ్చే ఏడు. పెళ్ళప్పుడు తండ్రి అన్నదీ అదే, వచ్చే ఏడు చదువుకుందువులే అని. ఆ ఏడు ఇంతవరకు ఏ క్యాలెండరులోనూ రాలేదు. ఈసారి రాయకపోతే మళ్ళీ రాయనని ఆమెకి తెలుసు. గురువారం దాటితే పుస్తకాలు అటకెక్కుతాయి, బడి ఆగిపోతుంది, ముందు గది నిండుతుంది, వంటింట్లో గ్లాసులు లెక్కపెట్టుకోవడం మొదలవుతుంది. మునుపెలా ఉండేదో అలా. జైల్లో తన కంచం తానే తోముకుని, లైన్లో అందరితో సమానంగా నిలబడి, దేశంలో అందరూ సమానమని నమ్మి వచ్చిన మనిషి, ఇంటి గుమ్మం దగ్గర చెప్పులతో పాటు అదంతా విడిచి లోపలికి వచ్చాడు. అతను మోసగాడు కాదు. అతనికి గుమ్మం ఉన్నట్టే తెలీదు. ఆ ఫ్రాన్సులోనూ మనిషి హక్కులని రాసుకుని, ఆడవాళ్ళు మరి మావి అంటే నోరు మూయించారట.

గురువారం పొద్దున్న సూర్యం, పోలరాజు మాంసం తేవడానికి బజారెళ్ళారు. కాంతం ఉల్లిపాయలు తరుగుతోంది. నూకాలమ్మ వచ్చి ఆమె ముందున్న కత్తిపీట లాక్కుంది.

"ఎన్నింటికే పరీచ్చ?"

"మధ్యాహ్నం. అయినా ఎలా అత్తా? ఇంతమందికి..."

"వంట నాను సేత్తాను. వడ్డన ఆల్లే సేసుకుంతారు. జైల్లో సేసుకోనేదేటి? అక్కడ ఇరిగిపోని సేతులు ఇక్కడ ఇరిగిపోతాయా?"

"ఆయన కోప్పడతాడత్తా."

"కోప్పడితే ఏటి సేత్తాడు? కంచంలో సెయ్యి కడుగుతాడు" అంది నూకాలమ్మ. ఉల్లిపాయ తరుగుతూ, "నా మొగుడూ అదే సేసేవోడు. నానప్పుడు గిన్నె మూతలో తినీదాన్ని" అంది.

కాంతం తలెత్తి చూసింది. తను వంటింటి గోడ వైపు తిరిగి తిన్న పూటలన్నీ ఈవిడ చూస్తూనే ఉందన్నమాట. తన పక్కన ఈవిడ కూడా, ఎన్నో ఏళ్ళ వెనక, ఇంకేదో గోడ వైపు తిరిగి కూర్చుని ఉందన్నమాట.

"ఎల్లు బేగి. బస్సు ఎల్లిపోద్ది."

పరీక్ష హాల్లో కాగితం విప్పితే ఆ ప్రశ్న రెండోదిగా ఉంది. కాంతం ముందు బట్టీ పట్టింది రాసింది. రాజుగారి పతనం, చర్చి ఆస్తులు, కొత్త చట్టాలు, పాత కట్టుబాట్ల వాళ్ళ వాదన, అందరి మధ్య నుంచి కొత్త శాస్త్రం పుట్టడం. రాశాక కలం ఆగింది. ఇంకా చెప్పవలసింది ఉందనిపించింది. హిందీలో తన మాటల్లోనే రాయడం మొదలుపెట్టింది. విప్లవం రాజుని తీసేసింది గానీ మోకాళ్ళకున్న అలవాటుని తియ్యలేదు. రాజు లేకపోయినా మోకాళ్ళు వంగుతూనే ఉన్నాయి. ఖాళీ గద్దెకి కూడా దణ్ణం పెట్టేవాళ్ళు ఉన్నారు. అలా పెడుతూ పెడుతూ ఒకనాడు మర్చిపోయి, ఆకాశం విరిగిపడకపోవడం చూసి, మరి ఇన్నాళ్ళూ ఎవరికి పెట్టాం అని అడిగిన మనిషి ఉన్నాడే, ఆ మనిషి దగ్గరే సమాజశాస్త్రం మొదలవుతుంది. ఆ మనిషి పాత పద్ధతిని ప్రేమించిన మనిషే అయ్యుండవచ్చు. 'మనిషి' అని రాసిన చోట ఆమె ఒక్క క్షణం ఆగి, కొట్టేసి, 'స్త్రీ' అని రాసింది. గంట కొట్టారు.

బయటికొచ్చాక ఆమె సీతారాండేరా బస్సెక్కలేదు. జుగ్సలాయి రిక్షా ఎక్కింది. రైలు గేటు దాటి, గోదాముల పక్క నుంచి ఇరుకు బజారులో గిన్నెల కొట్టుకి వెళ్ళి రెండు స్టీలు కంచాలు తీయించింది. బడి జీతంలో తన కోసం ఖర్చుపెట్టడం అదే మొదలు. కొట్టు ముందు మెట్టు మీద పేర్లు కొట్టే ముసలాయన చిన్న సుత్తీ ఉలీ పట్టుకుని కూర్చున్నాడు.

"నామ్ బోలో బేటీ. ఆద్మీ కా నామ్" అని మొగుడి పేరు చెప్పమన్నాడు.

"ఆద్మీ కా నహీ, చాచా. మేరా" అంది, ఆయనది కాదు నాదేనని.

ఆయన కళ్ళజోడు పైకి తోసి చూశాడు. "షాదీ మే దేనా హై క్యా కిసీకో? దేనేవాలే కా నామ్ భీ లిఖ్తే హై" అన్నాడు, పెళ్ళికిచ్చే బహుమతి అయితే ఇచ్చేవాళ్ళ పేరూ రాస్తామని.

"నహీ. ఖానే కే లియే" అంది, తినడానికని.

ఆయనకి అర్థం కాలేదు గానీ అభ్యంతరమూ లేదు. టక్ టక్ టక్ మని చుక్కలు పడ్డాయి. రెండో కంచం అందుకుని, "ఇస్ పే?" అన్నాడు. ఆమె చెప్పింది. "లంబా నామ్ హై" అని, పేరు పొడుగని గొణుక్కుంటూ కొట్టాడు.

ఇంటికొచ్చేసరికి దీపాలు పెట్టారు. విందుకొచ్చిన వాళ్ళు వెళ్ళిపోయారు. నూకాలమ్మ చెప్పింది, మగవాళ్ళు ముందు బిక్కమొహాలేశారని, పోలరాజు లేచి, "ఓరి, మన జైలు లైన్లాగే కానీండ్రా" అని గరిటె పట్టుకున్నాడని, తర్వాత నవ్వుకుంటూ విస్తళ్ళలో వడ్డించుకుని తిన్నారని. సూర్యం మాత్రం అప్పుడు తినలేదు. ముఖం గంటు పెట్టుకుని మంచం మీద కూర్చున్నాడు. కాంతం వచ్చాక లేచి పీట మీద కూర్చున్నాడు, నూకాలమ్మ వడ్డించింది, తిన్నాడు. తింటున్నంత సేపూ తల ఎత్తలేదు. తినడం అయ్యాక చెంబెత్తాడు.

వేలి సందులు కూడా తీరిగ్గా కడిగాడు. మెతుకులూ, మసాలా నూనే నీళ్ళలో తేలాయి. కంచాన్ని కాంతం వైపు కొంచెం తోశాడు.

కాంతం సంచిలోంచి రెండు కంచాలు తీసింది. కడిగి, తుడిచి, ఒకటి అత్త ముందు, ఒకటి తన ముందు పెట్టింది. నూకాలమ్మ తన ముందున్న కంచాన్ని దీపం వైపు తిప్పి, అంచు మీద చుక్కల్ని వేలితో తడిమింది.

"ఇదేటే?"

"నీ పేరత్తా."

నూకాలమ్మ వేలు ఒక కొస నుంచి ఇంకో కొస దాకా మెల్లగా వెళ్ళింది. "ఇంత పొడుగుంతాదా నా పేరు?" అంది. మళ్ళీ మొదటి నుంచి తడిమింది. తర్వాత గిన్నె దగ్గరికి లాక్కుని ఇద్దరికీ వడ్డించింది. రాత్రికి మళ్ళీ వండిన అన్నం ఇంకా పొగలు కక్కుతోంది. అత్తా కోడలూ ఎదురెదురుగా కూర్చుని తినడం మొదలుపెట్టారు. పేపరు ఎలా రాశావంటే బాగా రాశానంది. నీ ప్రశ్నే రాశానత్తా అంది. మాంసంలో అల్లం ఎక్కువైందేమో అని నూకాలమ్మ అడిగితే లేదు, సరిపోయింది అంది.

సూర్యం చూస్తూ కూర్చున్నాడు. అతని ముందు కంచంలో నీళ్ళు ఉన్నాయి. ఇంతకాలం ఆ నీళ్ళు చూసి వంటిల్లు నిశ్శబ్దమైపోయేది, ఒక మనిషి పస్తుండేది. ఈ పూట అవి నీళ్ళు. ఒక మగవాడు అన్నం తిని చెయ్యి కడుక్కున్నాడు, అంతకు మించి ఆ ఇంట్లో ఏమీ జరగలేదు. అతను తల్లి వంక చూశాడు. తల్లి ఎముక చీకుతోంది. భార్య వంక చూశాడు. ఆమె ముఖంలో కోపం లేదు, గెలుపూ లేదు. ఆకలేసిన మనిషి తింటున్నట్టు తింటోంది. కంచం తియ్యడానికి ఎవరూ లేవలేదు.

చాలాసేపటికి అతను తనే కంచం ఎత్తుకుని పెరట్లోకి వెళ్ళాడు. కొళాయి చప్పుడైంది. బూడిద పెట్టి తోముతున్న చప్పుడు వినిపించింది. జైల్లో తోమిన చెయ్యి, బాగానే తోముతోంది. నూకాలమ్మ కోడలి వంక చూసి కళ్ళతోనే నవ్వింది.

సూర్యం తడి కంచం పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. అది ఎక్కడ పెట్టాలో అతనికి తెలీదు. ఆ ఇంట్లో తన కంచం ఎక్కడుంటుందో ఎప్పుడూ చూడలేదు.

"ఆ గూట్లో పెట్టు. మా రెండిటికీ పక్కన చోటుంచు" అంది కాంతం. "ఎల్లుండి నాకింకో పేపరుంది."

అతను కంచం గూట్లో ఆన్చి పెట్టాడు, కాస్త పక్కకి జరిపాడు. వెనక్కి తిరక్కుండానే అడిగాడు.

"ఎన్నింటికే?"